మూడువందల పన్నెండు సున్నాలు

ఆ శుభవార్త వచ్చినప్పుడు నేను పెసరట్టు తిరగేస్తున్నాను. మా పెళ్ళయిన ఇరవై ఏడో రోజు అది. నా భార్య డాక్టర్ నీరజాక్షి వంటగట్టు మీద కూర్చుని, కాళ్ళు ఊపుకుంటూ, ఫోన్‌లో ఏదో చదువుతోంది. ఆవిడ కాళ్ళు ఊపినప్పుడల్లా మెట్టెలు గట్టు అంచుకి తగిలి టిక్కుటిక్కుమంటాయి. ఆ చప్పుడు వింటూ అట్లు పోయడం ఇరవై ఏడు రోజులుగా నాకు అబ్బిన భోగం. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది.

"మాస్టారూ," అంది. నేను జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను కాబట్టి అలా పిలుస్తుంది. నేను ఆవిడని డాక్టరుగారూ అంటాను. మా ఇద్దరికీ ఇంకా సిగ్గు తీరలేదు.

"చెప్పండి డాక్టరుగారూ."

"నన్ను ప్రపంచానికి వేశారు."

"ఎక్కడికీ?"

"ప్రపంచానికి. మా అంతర్జాతీయ అంటురోగ నిఘా మండలికి ప్రధాన నిపుణురాలిగా. ఏ దేశంలో ఏ అంటువ్యాధి తల ఎత్తినా ముందు నాకే కబురు చెయ్యాలట. అట్టు మాడుతోంది మాస్టారూ."

మాడనిచ్చాను. ప్రపంచం చేతికొచ్చిన పూట ఒక అట్టు పోతే ఏం? ఆవిడని గట్టు మీంచి దింపి వంటింట్లో ఒక చుట్టు తిప్పాను. ఆవిడ దగ్గర ఎప్పుడూ మల్లెపూలూ బ్లీచింగ్ పౌడరూ కలిసిన వాసన వస్తుంది. మొదటి వారం తుమ్ములు వచ్చేవి. ఇప్పుడు ఆ వాసన లేని గదిలో నాకు ఊపిరాడదు.

ఉత్తరం చివర చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది. ఈ నియామకం సేవా వివరాల లాంఛనప్రాయమైన పరిశీలనకు లోబడి ఉంటుందట. మా పెళ్ళిలో లాంఛనాలన్నీ సాఫీగానే జరిగాయి కాబట్టి నాకేమీ బెంగ కలగలేదు.

ఆవిడ ఉద్యోగం ఏమిటో పెళ్ళికి ముందు మా చుట్టాలకి నేను సరిగ్గా చెప్పలేకపోయాను. డాక్టరే, కానీ మందివ్వదు. మనుషుల కంటే ముందు కుళాయిల్ని పలకరిస్తుంది. మా రేవు పట్నంలో మండలివారి శాఖకి ఆరేళ్ళుగా ఆవిడే అధికారి. రోజూ పొద్దున్నే రబ్బరు బూట్లు తొడుక్కుని పేటల్లో చిట్టచివరి కుళాయి దగ్గరికి వెళ్ళి, చిన్న గాజు సీసాలో నీళ్ళు పట్టి, రెండు చుక్కల మందు వేస్తుంది. నీళ్ళు పసుపురంగుకి తిరిగితే క్లోరిన్ అంతదాకా చేరినట్టు. తిరక్కపోతే మురికి ఎక్కడో కలుస్తున్నట్టు. ఆ పూట మునిసిపాలిటీలో ఎవరికీ మనశ్శాంతి ఉండదు. కలరా ఎన్ని కేసులో ప్రతి సోమవారం కేంద్ర కార్యాలయానికి అంకె పంపాలి. ఆరేళ్ళలో మూడువందల పన్నెండు సోమవారాలు వచ్చాయి. ఆవిడ మూడువందల పన్నెండు సున్నాలు పంపింది.

మా పరిచయం కూడా ఆవిడ పని వల్లే అయింది. పక్క ఊళ్ళో ఒక స్నేహితుడి గృహప్రవేశంలో భోజనం చేసి, కలరా కాదు గానీ, వాంతులూ విరేచనాలతో నేను ఆసుపత్రిలో పడ్డాను. మంచం పక్కన పుస్తకం పట్టుకుని ఈవిడ నిలబడింది.

"పెరుగువడ తిన్నారా?"

"తిన్నానండి."

"ఎన్ని?"

"మూడు."

"సిగ్గుపడకండి."

"ఏడు."

పద్నాలుగో కేసు అని రాసుకుంది. సాయంత్రానికల్లా మిగిలిన వడలు పారబోయించి, ఆ పెరుగులో కలిపిన నీళ్ళు ఏ నూతివో పట్టుకుని, ఆ నూతికి మూత వేయించింది. పంతొమ్మిదో కేసుతో జబ్బు ఆగిపోయింది. నాకు మాత్రం తగ్గలేదు. మూడు నెలలకి పెళ్ళయింది.

పరిశీలక సంఘంవారు ముగ్గురు వచ్చారు. మాట్లాడేది అధ్యక్షులు గరుడాచలంగారు ఒక్కరే. మిగతా ఇద్దరూ ఆయన మాటలు రాసుకోవడానికి. నేను క్యారియర్ పట్టుకుని వెళ్తే, కుటుంబ సభ్యుని హోదాలో ఒక మూల కూర్చోవచ్చని ఆయనే దయతో సెలవిచ్చారు.

"అమ్మా, తమ సేవాపత్రంలో మూడువందల పన్నెండు వారాలకుగాను మూడువందల పన్నెండు సున్నాలు కానవచ్చుచున్నవి," అన్నారు.

"అవునండి."

"సదరు సున్నాలను మా కేంద్ర కార్యాలయపు యంత్రం 'పని జరగలేదు' అని పరిగణించినది."

"కేసులు సున్నా అండి. పని జరిగింది కాబట్టే సున్నా."

"యంత్రంలో 'పని జరిగింది కాబట్టి సున్నా' అనే గడి లేదమ్మా."

నాకు సబబుగానే తోచింది. గడి లేకపోతే యంత్రం మాత్రం ఏం చేస్తుంది?

"ఈ పదవికి రెండో అభ్యర్థి డాక్టర్ కోదండపాణిగారు. వారిని చూడండి," అన్నారు గరుడాచలంగారు, గొంతు కాస్త తడి చేసుకుని. "ఆరేళ్ళలో తొమ్మిది వ్యాప్తులు. తొమ్మిదింటికీ ఫొటోలు, వ్యాసాలు, సన్మానాలు. కిందటి దానిలో వారు మోకాటి లోతు మురుగులో నడిచి వెళ్తున్న ఫొటో చూసి సంఘం యావత్తూ చలించిపోయినది."

"ఆ మురుగు ముందే తోడించి ఉంటే..."

"ఫొటో ఉండేది కాదు."

నీరజాక్షి ఆ గృహప్రవేశం వడల సంగతి చెప్పింది. నేను కొంచెం సర్దుకుని కూర్చున్నాను.

"పరిశీలించాం. నిబంధన ప్రకారం యాభై కేసులైతేనే వ్యాప్తి. తమరు పంతొమ్మిదితో ఆపివేశారు. తొందరపాటు. ఇంకొక ముప్ఫై ఒక్కరి వరకు ఓర్చుకుని ఉంటే ఈనాడు ఇంత ఇబ్బంది ఉండేది కాదు. ప్రస్తుతానికి రికార్డులో అది వ్యాప్తి కాదు, విందు."

నాకు చాలా చిన్నతనంగా అనిపించింది. ఏడు వడలు తిని కూడా ఆవిడకి ఒక్క కేసు కంటే ఎక్కువ కాలేకపోయాను.

"అయితే నన్నేం చెయ్యమంటారు?" అంది నీరజాక్షి.

"తమరు నివారించామంటున్న వ్యాధి తమ వలననే రాలేదని రుజువు. అది ఎవరెవరికి రాలేదో వారి సంతకాలతో."

దానికి పదిహేడో నంబరు ఫారం ఉంది. పేరు, 'వ్యాధి సోకలేదని స్వీయ ధ్రువీకరణ'. సిబ్బంది మొత్తాన్ని ఫారాల మీదికి మళ్ళించారు. ట్యాంకుల్లో బ్లీచింగ్ కలిపే సత్తెయ్యగారికి జిగురు సీసా, ఒక బల్లా ఇచ్చారు.

"ఆయ్, కూచుంటానండి. మరి ట్యాంకులెవరు సూత్తారండి?" అన్నాడాయన.

"ముందు నివారణకు రుజువు. తరువాత నివారణ," అన్నారు గరుడాచలంగారు. మిగతా ఇద్దరూ రాసుకున్నారు.

మర్నాటి నుంచి ఆఫీసు ముందు వరస. కలరా రానివాళ్ళు ఇంతమంది ఉంటారని నేను ఊహించలేదు. దిబ్బపాలెం నుంచి ఎండుచేపలు అమ్మే నూకరత్నంగారు వచ్చింది. ఆవిడ ఫారం రాసే పని నాకు పడింది.

"ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వ్యాధి సోకలేదో చెప్పండి."

"ఇదేం పెశ్నండీ బాబూ! పుట్టినకాడ్నించీ రాలేదు. రాసుకోండి."

"ఏ లక్షణాలు కనపడలేదు?"

"ఏవీ కనపళ్ళేదు."

"ఏవీ అంటే కుదరదండి. ఏవేవి కనపడలేదో విడివిడిగా రాయాలి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "కొత్తగా పెళ్ళయిందంట కదా. డాక్టరమ్మగారు పాపం ఏం సూసి సేసుకున్నారో!"

సాక్షి కావాలంటే పక్కింటావిడని ముందుకి లాగింది. ఆవిడ గరుడాచలంగారి ఎదుట నిలబడి, నూకరత్నానికి కలరా రాకపోవడం తాను కళ్ళారా చూశానని చెప్పి వేలిముద్ర వేసింది.

తొమ్మిది రోజుల్లో తొమ్మిదివేల నాలుగువందల ఫారాలు అయ్యాయి. పదో రోజు సంఘంవారు వాటిని తిప్పి పంపారు. 'ఇందుమూలముగా సదరు వ్యక్తులు ఆరోగ్యవంతులని తేలినది. తమరు వారిని ఆరోగ్యవంతులుగా ఉంచినట్లు తేలలేదు. వారు స్వతహాగానే బాగుండి ఉండవచ్చును' అని రాసి ఉంది.

ఆ పదో రోజు పొద్దున్నే నీరజాక్షి దిబ్బపాలెం వెళ్ళింది. చిట్టచివరి కుళాయి దగ్గర సీసా పట్టింది. నీళ్ళు పసుపు తిరగలేదు. అక్కణ్ణించి ఒక్కో కుళాయి చూసుకుంటూ వెనక్కి వస్తే, మంచినీళ్ళ పైపు మురుగుకాలవలోంచి వెళ్ళేచోట అతుకు ఊడి ఉంది. నాలుగువందల ఇళ్ళు ఆ నీళ్ళే తాగుతున్నాయి. మామూలుగా అయితే ఆవిడ మునిసిపాలిటీకి ఒక చీటీ రాస్తుంది, మధ్యాహ్నంలోపు ఫిట్టరు వచ్చి బిగిస్తాడు. ఆ రోజు సంఘం ముందు హాజరు కావాల్సి ఉండి, "ఈ ఒక్కపూట నన్ను వదలండి, ఒక పైపు బాగు చేయించి వస్తాను," అని నిజం చెప్పేసింది.

గరుడాచలంగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అమ్మా! ఇంతటి అవకాశాన్ని తమరు బాగు చేసేస్తారా?"

"అవకాశమా?"

"ముందు వ్యాప్తి జరగనివ్వండి. యాభై పూర్తికాగానే తమరు ప్రవేశించి అరికట్టండి. మేం ప్రత్యక్షంగా వీక్షిస్తాం. గడి నిండుతుంది, పదవి తమది."

"జబ్బు పడేది మనుషులండీ."

"అందుకే యాభైకి పరిమితం చేశాం. యాభై ఒకటో వ్యక్తికి ఎట్టి పరిస్థితులలోనూ సోకరాదని ఉత్తర్వులో స్పష్టపరుస్తున్నాం."

గంటలో ఉత్తర్వు వచ్చింది. పైపు చుట్టూ నైలాన్ తాడు కట్టి, 'పరిశీలనలో ఉన్నది, యథాతథ స్థితి పాటించవలెను' అని బోర్డు పెట్టారు. మండలి సిబ్బంది ముట్టుకుంటే రుజువుల్ని తారుమారు చేసిన నేరం. ఫిట్టరుకి చీటీ రాసినా అదే నేరం. ఆహ్వానపత్రిక కూడా అచ్చయింది. నా దగ్గర ఇంకా ఒకటి ఉంది. 'గురువారం ఉదయం 10.30కి వ్యాప్తి ప్రారంభం. 11.00కి అధ్యక్షుల వారి తొలిపలుకులు. 11.45కి నియంత్రణ. అనంతరం తేనీటి విందు. రోగులు పది నిమిషాలు ముందుగా రావలసిందిగా మనవి.'

ఆ మధ్యాహ్నం నీరజాక్షి నన్ను వెంటబెట్టుకుని దిబ్బపాలెంలో ఇల్లిల్లూ తిరిగింది. నీళ్ళు తెర్లేదాకా కాచి తాగండి, పిల్లల్ని కుళాయి దగ్గరికి పోనివ్వకండి. అదే మాట నాలుగువందల సార్లు. కాలవ మీద ఒక తాటిపట్టె వంతెన ఉంది. దాని మీద నడిచేటప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. మూడుసార్లు దాటాల్సి వచ్చింది. నాలుగోసారి నేను ఏదో మర్చిపోయానని అబద్ధం చెప్పి మళ్ళీ దాటించాను.

నూకరత్నంగారి ఇంట్లో కూతురు మంగతాయారు నెలలు నిండి గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది.

"కాస్తామమ్మా. నువ్వు సెప్పాక కాయకుండా ఉంటామా?" అంది నూకరత్నంగారు. "కానీ ఎన్నాళ్ళు? గ్యాసుబండ ఇంకో నాలుగు రోజులు వత్తదేమో."

"అంతలోపు ఏదో ఒకటి చేస్తాను," అంది నీరజాక్షి. ఏం చేస్తుందో ఆవిడకీ అప్పటికి తెలియదు.

గురువారం వచ్చింది. పాలెం మొదట్లో షామియానా వేశారు. యాభై మంచాలు, యాభై సెలైన్ స్టాండులు, యాభై బకెట్లు వరసగా పెట్టారు. పదిన్నరకి గరుడాచలంగారు గడియారం చూసుకుని తల ఊపారు. వ్యాప్తి ప్రారంభం కాలేదు. పదకొండుకి తొలిపలుకులు చెప్పారు. తొలిపలుకులు గంటన్నర సాగినా రోగి రాలేదు. తేనీటి విందు మాత్రం అనుకున్నట్టే జరిగింది.

శుక్రవారం కూడా ఎవరూ రాలేదు. నూకరత్నంగారు చేపల తట్ట దించుకుని షామియానాలోకి తొంగి చూసింది.

"ఎవరికోసం సూత్తన్నారండీ?"

"రోగుల కోసం," అన్నారు గరుడాచలంగారు.

"ఎవరికి బాగోలేదండి?"

"ఇంకనూ ఎవరికీ లేదు. అదే మా ఆవేదన."

"అయ్యో పాపం. మంచాలు ఖాళీయేనా అయితే? మా సేపలు ఆరబెట్టుకుంటాం."

"అవి రోగులకు కేటాయించినవి!"

"మరి రోగులు రాకపోతే?"

"వస్తారు. రావాలి. ఉత్తర్వు ఉంది."

"మీకెందుకండీ అంత సరదా?" అని ఆవిడ తట్ట ఎత్తుకుంది.

శనివారం ఆయన సహనం నశించి పాలెంలోకి స్వయంగా నడిచారు. ప్రతి ఇంట్లోనూ గ్యాసుపొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. తిరిగి వచ్చి నీరజాక్షిని పిలిపించారు. ఆ వేళకి క్యారియర్ పట్టుకుని నేనూ ఉన్నాను.

"అమ్మా, తమరు ప్రజలను ప్రభావితం చేసినారు."

"చేశానండి."

"తమ సన్నిధి వలన వ్యాప్తికి అనుకూల వాతావరణం ఏర్పడుట లేదు. తమరు ఉన్నంతకాలం తమ శక్తిని అంచనా వేయుట సాధ్యపడదు. కావున సోమవారం మొదలు పదిహేను రోజులు తమకు నిర్బంధ సెలవు. వ్యాప్తి నలభై తొమ్మిదికి చేరగానే కబురు చేస్తాం. వచ్చి అరికట్టండి."

ఆవిడని ఆవిడ లేకుండా పరీక్షించడం కూడా నాకు సబబుగానే తోచేది. కానీ నూకరత్నంగారి ఇంట్లో గోడకి చేరగిలబడి ఉన్న ఆ పిల్ల గుర్తొచ్చి, మొట్టమొదటిసారి తోచలేదు.

"ఈ పదిహేను రోజులూ నేను ఎక్కడ ఉండాలని నిబంధనేమైనా ఉందాండీ?" అంది నీరజాక్షి.

"లేదు. సెలవు కాలంలో తమరు మండలి సిబ్బంది కారు. సామాన్య పౌరురాలు. కొత్త దంపతులు కదా, ఎటైనా విహారానికి వెళ్ళండి," అని గరుడాచలంగారు నావైపు చూసి చిరునవ్వు కూడా నవ్వారు. అంతలోనే మళ్ళీ గంభీరమైపోయారు. "ఒక్క మాట. ఈలోపు ఎవరి వలననైనా ఆ పైపు బాగుపడినచో వ్యాప్తి జరగదు. జరగనిచో తమ ఫైలు మూతపడును. పదవి కోదండపాణిగారికి పోవును. తిరిగి తెరుచుటకు నిబంధన లేదు."

"అర్థమైందండి," అని ఆవిడ సంతకం చేసింది.

ఆదివారం సాయంత్రం వరండాలో చెరో కప్పు టీ పట్టుకుని కూర్చున్నాం. పెళ్ళయ్యాక ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరకడం ఇదే మొదలు. నేను కూడా కాలేజీకి సెలవు పెట్టేశాను. కొండలకి వెళ్దామా, రైల్లో కిటికీ పక్క సీట్లు ఇద్దరికీ ఎలా దొరుకుతాయి అని నేను లెక్కలు వేస్తున్నాను. ఆవిడ ఫోన్ తీసి ఆ నియామకపు ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా చదివింది. చిన్న అక్షరాలు కూడా చదివింది.

"నాకు ఆ కుర్చీ కావాలనే ఉంది మాస్టారూ. చదువుకునే రోజుల నుంచీ," అంది.

"తెలుసండి."

"అక్కడ కూర్చుంటే ఎన్ని ఊళ్ళ కుళాయిలు చూడొచ్చో."

"తెలుసు."

"యాభై మంది అంటారాయన, అంకెలాగా. ఆ యాభై మంది ఎవరో నేను ఇప్పుడే పేర్లతో రాసి ఇవ్వగలను. మొదటి పదిమందీ చంటిపిల్లలు. తర్వాత ముసలివాళ్ళు. మంగతాయారు పదహారో కేసో పదిహేడో కేసో అవుతుంది." కప్పు కింద పెట్టింది. "నూకరత్నంగారు ఫోన్ చేసింది. గ్యాసు ఈ పూటతో ఆఖరట."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. వంతెన లేకపోయినా పట్టుకోనిచ్చింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని, ఫోన్ బోర్లా పెట్టి, పరీక్ష పేపరు ఇచ్చేసి బయటికొచ్చిన పిల్లలా నావైపు తిరిగింది.

"రేపు మన విహారం మొదలు. పొద్దున్న అయిదుంబావుకి లేవాలి," అంది.

"రైలెన్నింటికి?"

"రైలు కాదు, పడవల రేవు పక్కనుంచి నడకే. ఆరింటికి సముద్రం వెనక్కి తీస్తుంది. కాలవలో మురుగు మోకాళ్ళ కిందికి దిగుతుంది. ఎనిమిదిదాకా మనకి టైముంది, షామియానాకి ఎనిమిదిన్నరకి గానీ ఎవరూ రారు. నూకరత్నంగారి ఆయన పడవ ఇంజన్లు బిగించే మనిషి, అతుకు ఆయన వేస్తాడు. సత్తెయ్యగారు కూడా రేపు సెలవు పెట్టారు, ట్యాంకులో మందు ఆయన కలుపుతారు. కాలవకి అడ్డం ఇసుక బస్తాలు నేను వేస్తాను. మీరు తోడాలి."

"దేంతో?"

"బకెట్టుతో. పాత లుంగీ కట్టుకోండి. గోళ్ళు ఇప్పుడే తీసేసుకోండి."

"తర్వాత?"

"తర్వాత చివరి కుళాయి దగ్గరికి వెళ్ళి సీసా పడదాం. నీళ్ళు పసుపు తిరిగాయనుకోండి, అక్కడే నిలబడి చెరో గ్లాసు తాగుదాం, కాచకుండా."